సెకండ్ ఇంజినీరు వచ్చేదాకా

బంగారం లాంటి మా వదినకి,

నీ ఆడపడుచు ఈ రోజు నుంచి కెప్టెన్!

ఈ ఒక్క ముక్క రాయడానికే కాగితం తీశాను. మిగతాదంతా ఊరికే కబుర్లు. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. చెబితే నువ్వు షాపులోనే కేక పెడతావు, కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని అద్దంలో చూసుకుంటున్నవాళ్ళు హడలిపోతారు. అందుకే రాసి ఫొటో తీసి పంపుతున్నాను. షాపు మూసి ఇంటికెళ్ళాక కాళ్ళు చాపుకుని తీరిగ్గా చదువుకో. అన్నయ్యకి నువ్వే చెప్పు. మా కంపెనీ ఆఫీసులో ఏ ఓడకి ఎవర్ని పంపాలో చూసేది ఆయనే కాబట్టి ఈపాటికి తెలిసే ఉంటుంది. అయినా నీ నోటి వెంట వింటే ఆ ఆనందం వేరు.

పొద్దున్న కాఫీలయ్యాక పాత కెప్టెన్ గారూ నేనూ ఆయన గదిలో ఎదురెదురుగా కూర్చున్నాం. ఇనప్పెట్టె తాళాలు చేతికిచ్చారు. ఓడ పత్రాలన్నీ ఒక్కొక్కటే చూపించి అప్పగించారు. లాగ్ పుస్తకంలో ఇద్దరం సంతకాలు చేశాం. అంతే! ఇంత పెద్ద ఓడ, దాని కడుపు నిండా గోధుమలు, ఇంతమంది మనుషులు, అంతా ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి రావడానికి రెండు సంతకాలు. చివర్లో ఏదో గొప్ప సలహా చెబుతారని చెవులు రిక్కించి కూర్చున్నాను. ఆయన బాత్‌రూమ్ వైపు చూపించి, "ఆ వేడినీళ్ళ కుళాయిని మాత్రం నమ్మకమ్మా. నన్ను చాలాసార్లు మోసం చేసింది" అన్నారు. పెట్టె పట్టుకుని మెట్లు దిగిపోయారు.

ఆయన వెళ్ళాక తలుపేసుకుని ఆ కుర్చీలో కూర్చుని చూశాను. కాళ్ళు నేలకి అందలేదు! డెక్కు పనివాళ్ళ పెద్ద సరంగుని పిలిచి కుర్చీ కిందికి దింపించాను. కెప్టెన్‌గా నేనిచ్చిన మొదటి ఆర్డరు అదీ. నవ్వకు.

నీకు గుర్తుందో లేదో, నేను మొదటిసారి మెడికల్ పరీక్షకి వెళ్ళేముందు నువ్వు షాపు షట్టరు సగం దించి, ఆ రంగు చుక్కల అంకెల పుస్తకం ముందు పెట్టి నన్ను కూర్చోబెట్టావు. ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియకపోతే ఎదురుగా వచ్చే ఓడ దీపాలు చదవలేమని నీకు చెప్పింది నేనే, నాకంటే ఎక్కువ కంగారుపడింది నువ్వు. అప్పట్నుంచి ఎన్ని సర్టిఫికెట్లు సంపాదించానో చూడు. మంటలార్పే శిక్షణ కోసం నిప్పులోకి వెళ్ళాను, లైఫ్‌బోటు శిక్షణ కోసం నీళ్ళలోకి దూకాను, కెప్టెన్ సర్టిఫికెట్ కోసం ముగ్గురు పరీక్షకుల ముందు కూర్చున్నాను. నిప్పూ నీళ్ళూ నయం.

ఒక్కటే చిన్న చిక్కు. మా సెకండ్ ఇంజినీరుకి నిన్న కడుపునొప్పి వచ్చి అంబులెన్సులో తీసుకెళ్ళారు. అపెండిక్స్ అట. ఆపరేషన్ అయింది, మనిషి కులాసా. ఇంజిన్ గదిలో చీఫ్ ఇంజినీరు తర్వాత ఆయనే కాబట్టి ఇంకొకరు రావాలి. ఆఫీసు పంపుతుంది. ఎల్లుండి బయల్దేరతాం.

కవలలిద్దరికీ అత్త ముద్దులు. ఓడ స్టీరింగు ఎంతుంటుందని అడిగారుగా, అన్నం పళ్ళెమంతే ఉంటుందని చెప్పు. నమ్మరు.

నీ
బుల్లి
(ఇక మీదట ఊళ్ళో వాళ్ళకి కెప్టెన్, నీకు మాత్రం బుల్లే)

*

వదినా,

నాలుగైదు రోజులుగా నువ్వు "ఎంతదాకా వచ్చావే, సముద్రం ఎలా ఉంది?" అని అడగడం, నేను "అంతా బాగానే ఉంది" అని ఒక బొమ్మ పంపి ఊరుకోవడం. బాగానే ఉన్నమాట నిజమే. సముద్రంలో లేను, అంతే. అదే రేవు, అదే జెట్టీ, కిటికీలోంచి చూస్తే అదే క్రేను. నా ఓడ అంగుళం కదల్లేదు. కదలనివ్వలేదు నేను.

ఎందుకో చెబుతాను. చివరిదాకా చదివాకే ఏదైనా అను.

ప్రతి ఓడకీ ఒక పత్రం ఉంటుంది. ఈ ఓడ రేవు దాటాలంటే తక్కువలో తక్కువ ఎవరెవరు ఉండాలి, ఒక్కొక్కరి దగ్గర ఏ స్థాయి సర్టిఫికెట్ ఉండాలి అన్నది అందులో రాసి ఉంటుంది. మా ఓడలో అది అద్దం పెట్టించి పైన స్టీరింగు గదిలో తగిలించారు. అందులో సెకండ్ ఇంజినీరు అని స్పష్టంగా ఉంది. మా దగ్గర లేడు. కొత్తవాడు వస్తాడని ఎదురుచూస్తుంటే బయల్దేరాల్సిన రోజున ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మనిషి దొరకలేదు, ఉన్నవాళ్ళతోనే బయల్దేరండి, థర్డ్ ఇంజినీరు ఆ పని చూసుకుంటాడు అని.

అలా వెళ్ళడానికి అసలు దారి లేకపోలేదు. ఓడ మీద ఎగిరే జెండా ఏ దేశానిదో ఆ దేశం ప్రత్యేకంగా అనుమతి రాసివ్వాలి. ఆఫీసు అడిగింది కూడా. అక్కడ వాళ్ళకి వరసగా సెలవులు. "నువ్వు బయల్దేరు. దారిలో ఉండగా కాగితం వచ్చేస్తుంది" అన్నారు ఫోనులో.

"వచ్చాక బయల్దేరతాను" అన్నాను.

"సరుకు వాళ్ళు గొడవ చేస్తున్నారు."

"చెయ్యనివ్వండి. కాగితం రాకముందు కదిలితే, నా మనుషులు తగినంతమంది లేరని తెలిసి కదిలించినదాన్నవుతాను."

"నేను చెబుతున్నానుగా!"

"అయితే రాసివ్వండి. మెయిల్‌లో ఒక్క వాక్యం. సెకండ్ ఇంజినీరు లేకుండా, అనుమతి లేకుండా బయల్దేరమని."

అవతల గొంతు మారింది. "చూడండి మేడమ్, రాసిచ్చేది ఉండదు. మీరు కెప్టెన్ అయి రెండు రోజులే అయింది. మీ మంచికే చెబుతున్నాను."

ఆ "మేడమ్" అన్నది ఎవరో తెలుసా వదినా? మీ ఆయన. మా అన్నయ్య.

నేను ఓడెక్కుతానంటే ఇంట్లో అందరూ కాదంటే, నాన్నతో మూడు రోజులు మాట్లాడకుండా ఉండి ఒప్పించిన మనిషి. తను ఇంజినీరుగా తిరిగిన రోజుల్లో ప్రతి రేవు నుంచీ నాకు ఓడల బొమ్మలున్న కార్డులు పంపిన మనిషి. నన్ను ఎవరేమన్నా తట్టుకోగలను. ఆఫీసులో ఇంకెవరైనా ఆ మాట అంటే నవ్వి ఊరుకునేదాన్ని. ఆయన నోట్లోంచి "మేడమ్" వచ్చేసరికి పరాయిదాన్నయిపోయినట్టనిపించింది. అయినా అన్నాను. "కుదరదండీ. ఈ ఓడ ఇవాళ బయల్దేరదు. రేవు ఆఫీసుకి కూడా ఇప్పుడే చెబుతున్నాను, మనుషులు తక్కువున్నారు, మేం సిద్ధంగా లేమని." ఫోన్ పెట్టేశాను.

రేవు ఆఫీసుకి చెప్పేలోపే పైలట్ వచ్చేశాడు. పైలట్ అంటే, టగ్గులనే చిన్న లాగుడు పడవల సాయంతో ఓడని రేవులోంచి క్షేమంగా బయటికి నడిపించే మనిషి. తడిసిన కోటు విప్పుకుంటూ, "పదండి, టగ్గులు వచ్చేశాయి" అన్నాడు. బయల్దేరడం లేదని చెప్పాను. కారణం అడిగాడు, చెప్పాను. ఒక్క నిమిషం నన్ను ఎగాదిగా చూసి, "సరే, టీ అయినా ఇస్తారా? ఇంత వానలో వచ్చాను" అన్నాడు. టీ తాగి వెళ్ళిపోయాడు. ఆయన దిగుతుంటే డెక్కు మీద ఉన్నవాళ్ళంతా నా కిటికీ వైపే చూశారు. ఎవరేమనుకున్నారో నాకు వినబడకపోలేదు. "మొదటిసారి కదా, జంకింది" అని ఒకడు. "ఆడవాళ్ళకి రూల్సెక్కువ" అని ఇంకొకడు. సరంగు వాళ్ళని కసిరి పనిలోకి పంపాడు.

థర్డ్ ఇంజినీరు నేరుగా పైకే వచ్చాడు. చురుకైనవాడు, మంచివాడు. "నేను చెయ్యగలను మేడమ్. అన్నీ తెలుసు నాకు. మీరు ఒప్పుకోకపోవడమంటే నా మీద నమ్మకం లేనట్టేగా?" అన్నాడు. మొహం ఎర్రగా అయిపోయింది.

"కూర్చో" అన్నాను. "నీకు పని రాదనట్లేదు. మీ ఇంజిన్ గదిలో ముగ్గురు పంచుకునే కాపలా ఇద్దరే చెయ్యాలి. సగం రోజు నువ్వు, సగం రోజు చీఫ్ గారు. దానిమీద రిపేర్లు వేరే. ఇలా వారాల తరబడి, గాలివానల నెలలో. ఎన్నాళ్ళు కళ్ళు తెరుచుకుని ఉంటావు?"

"ఉంటాను."

"నేను జూనియర్‌గా ఉన్న ఓడలో ఒకాయన అలాగే అన్నాడు. రాళ్ళ పక్కనుంచి వెళ్తుండగా నిద్రమత్తులో ఒకదాని బదులు ఇంకో వాల్వు తిప్పాడు. ఇంజిన్ ఆగిపోయింది. ఆ అరగంట మేం రాళ్ళ వైపు కొట్టుకుపోతూ ఉన్నాం. ఆయనకి పని రాకనా?"

అతని కోపం పోలేదు. వెళ్ళిపోయాడు. చీఫ్ ఇంజినీరు గారు మాత్రం, పెద్దాయన, మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, "నువ్వు పొమ్మంటే నడిపేవాణ్ణే తల్లీ. పొమ్మననందుకు మాత్రం హాయిగా ఉంది" అని చెప్పి వెళ్ళారు.

ఇక అసలు సంగతి. ఇవాళ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. నా బదులు ఇంకో కెప్టెన్‌ని పంపుతున్నారట. ఆయన రాగానే ఓడ అప్పగించి దిగిపోవాలి. నేనూ జవాబు రాశాను: అప్పగిస్తాను, కానీ అప్పగించే కాగితంలో సెకండ్ ఇంజినీరు లేడన్న మాట మొదటి లైనులో రాస్తాను అని. ఈ కంపెనీలో ఇక నాకు ఓడ ఇవ్వరు. వేరే కంపెనీలోనూ అడుగుతారు, మొదటి ఓడ మీంచే ఎందుకు దింపేశారని. అడగనీ. చెప్పడానికి నా దగ్గర జవాబుంది. సముద్రంలో పనికిరాని కెప్టెన్ అనిపించుకోవడం కంటే రేవులో మొండి కెప్టెన్ అనిపించుకోవడం నయం. ఈ విషయంలో నా మనసు చాలా తేటగా ఉంది వదినా. బాధంతా ఇంకోచోట. ఆ కొత్త కెప్టెన్‌ని పంపే మెయిల్ కింద కూడా అన్నయ్య పేరే ఉంది.

నువ్వు ఆయన్ని నిలదీయకు. అడగనే అడగకు. నా వల్ల మీ ఇద్దరూ మాటామాటా అనుకుంటే నేను తట్టుకోలేను. నీకు చెప్పకుండా ఉండలేక చెప్పాను, అంతే.

నీ
బుల్లి

*

మా బుల్లి కెప్టెన్‌కి,

అడగొద్దన్నావుగా, అడగలేదు. నీ ఉత్తరం ఫొటోలు షాపులో ప్రింటు తీయించి, ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు కంచం పక్కన పెట్టాను. నేను నోరు తెరవలేదు. కావాలంటే పిల్లల్ని అడుగు.

మీ అన్నయ్య చదివాడు. మళ్ళీ మొదటికెళ్ళి చదివాడు. చెయ్యి ఎండిపోయింది. అప్పుడన్నాడు, "అది చెప్పింది కరెక్టే" అని. అంతే, లేచి చెయ్యి కడుక్కున్నాడు.

నేను ఊరుకుంటానా! వెనకే వెళ్ళాను. కరెక్టయితే ఆ మేడమ్ ఏంటండీ, ఆ బెదిరింపేంటండీ అని మొదలుపెట్టాను. (నిలదీయొద్దని నువ్వన్నది భోజనానికి ముందు. ఇది భోజనం తర్వాత.) అప్పుడు చెప్పాడు. నీతో మాట్లాడుతున్నంతసేపూ వాళ్ళ ఆఫీసు పెద్దాయన ఎదురుగా కూర్చుని ఉన్నాట్ట, ఫోన్ స్పీకర్లో పెట్టించి. చెల్లెలు అన్న మాట కాదనదని ఆ ఫోన్ ఈయనతోనే చేయించారట. సెకండ్ ఇంజినీరు కోసం ఈయన తిరగని చోటు లేదట. ఒకడికి సర్టిఫికెట్ ఉంది, మెడికల్ లేదు. ఇంకొకడికి మెడికల్ ఉంది, ఇలాంటి ఇంజిన్‌కి సరిపోయే సర్టిఫికెట్ లేదు. అన్నీ ఉన్న ఒక్కడూ ఇంకో ఓడ మీద ఉన్నాడు.

"అన్నీ ఉన్నవాడు ఇంకొకడు కూడా ఉన్నాడుగా" అన్నాను.

"ఎవడు?"

"మీరే."

నా వైపు ఎలా చూశాడనుకున్నావు! "నేను దిగిపోయి ఎన్నేళ్ళయిందీ" అని గొణిగాడు. అప్పుడు అడిగాను. "మరి పోయిన ఏడాది సర్టిఫికెట్ రెన్యూ చేయించుకుంది ఎవరండీ?"

బుల్లీ, నాకు తెలియదనుకున్నాడు మీ అన్నయ్య. కవలలు పుట్టినప్పుడు ఇద్దరం కూర్చుని అనుకున్నాకే ఆయన సముద్రం మానేశాడు. ఆఫీసు ఉద్యోగం బాగానే చేసుకుంటున్నాడు. కానీ గడువు దగ్గరపడినప్పుడల్లా "ఊరవతల మీటింగుంది" అని రెండ్రోజులు మాయమవుతాడు. ఒకసారి జుట్టంతా పొగవాసన, కనుబొమ్మల చివర్లు కాలిపోయి వచ్చాడు. ఇంకోసారి బూట్లలో నీళ్ళు. ఏ మీటింగులోనమ్మా కనుబొమ్మలు కాలేది? మంటలార్పే శిక్షణకీ లైఫ్‌బోటు శిక్షణకీ మళ్ళీ వెళ్ళి వస్తున్నాడని ఆనాడే తెలిసింది నాకు. ఓడలకి సంబంధించిన ఉద్యోగమే కాబట్టి దాన్ని కూడా సముద్రంలో చేసిన పని కింద లెక్క వేయించుకుని సర్టిఫికెట్ బతికించుకుంటున్నాడు. నేను బాధపడతానని చెప్పలేదు. ఆయన చెప్పలేదు కాబట్టి నేనూ అడగలేదు. మొగుడు సముద్రం మీద మనసు పెట్టుకున్నాడని తెలిస్తే ఏ ఆడదానికైనా చివుక్కుమంటుంది. ఇంకో ఆడదాని మీద పెట్టుకోలేదు కదా అని సర్దుకున్నాను.

"వెళ్తారా?" అని అడిగాను. "నువ్వు వెళ్ళమంటావా?" అన్నాడు. వెళ్ళమన్నాను. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, వాళ్ళ బూటు లేసులు వాళ్ళే కట్టుకుంటున్నారు. నాకు షాపుంది. నాలుగు నెలల కాంట్రాక్టు ఎంతలో గడుస్తుంది? ఇలా రాస్తున్నానే కానీ, ఆయన అటకెక్కి ఇంజిన్ గదిలో తొడుక్కునే పాత బాయిలర్ సూట్ దించుతుంటే వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను. అది సంతోషమో దిగులో నన్నడక్కు. బయటికొచ్చి చూస్తే సూటు నడుం దగ్గర బొత్తాం పట్టడం లేదు, పిల్లలు చెరో వైపు పట్టుకుని లాగుతున్నారు. ఏడుపు ఎటు పోయిందో!

మర్నాడు ఆఫీసుకెళ్ళి వాళ్ళ పెద్దాయనతో చెప్పాట్ట. "మనిషి దొరకలేదన్నారుగా, దొరికాడండీ. నేనే." ఆయన, "నువ్వు పోతే ఇక్కడి పని ఎవడు చూస్తాడయ్యా?" అన్నాట్ట. "ఓడ అక్కడే ఉంటే ఇక్కడ చూడ్డానికి పనేముంటుందండీ" అన్నాట్ట ఈయన. మెడికల్ అయింది. బరువు తగ్గమని చెప్పి సంతకం పెట్టాడు డాక్టరు. కళ్ళు నేను ముందే చూశాను, బంగారంలా ఉన్నాయి. తన సర్టిఫికెట్‌కి మీ జెండా దేశం గుర్తింపు కోసం ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టి రసీదు తీసుకున్నాడు, అది చేతిలో ఉంటే మూడు నెలలదాకా చాలట కదా. నాకు ఇప్పుడు మీ రూల్సన్నీ కంఠతా వచ్చేశాయి.

ఎల్లుండి విమానం. నీ బదులు వచ్చే ఆ కెప్టెన్‌ని ఆపమని ఈయన చెప్పాడు కానీ, ఆయన అప్పటికే బయల్దేరిపోయాట్ట. ఎవరు ముందొస్తారో నాకు తెలియదు. నువ్వు మాత్రం గట్టిగా ఉండు. అప్పగించమంటే కాసేపు టీ ఇచ్చి కూర్చోబెట్టు.

ఇట్లు,
నీ వదిన

*

వదినా,

ఇది నీకు నడిసముద్రం నుంచి రాస్తున్నాను. నిజంగా నడిసముద్రమే. కాఫీ కప్పు బల్ల మీద అటూ ఇటూ జారుతుంటే ఎడంచేత్తో పట్టుకుని కుడిచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే కళ్ళద్దాలు మార్చుకోకు.

ముందొచ్చింది కొత్త కెప్టెన్ గారే. సన్నటి మనిషి, మాట తక్కువ. నేను పెట్టె సర్దుకుని ఉంచాను. గది ఊడ్పించాను. తాళాలూ పత్రాలూ బల్ల మీద వరసగా పెట్టి, నేను రాసిన అప్పగింత కాగితం అన్నిటికంటే పైన పెట్టాను. ఆయన టీ వద్దన్నారు వదినా! నీ ఉపాయం అక్కడే బెడిసికొట్టింది. కుర్చీ ఎత్తు పెంచుకుని కూర్చుని కాగితం అందుకున్నారు. మొదటి లైను చదివి తలెత్తారు.

"సెకండ్ ఇంజినీరు ఇంకా రాలేదా? వచ్చేశాడన్నారే నాతో."

"దారిలో ఉన్నారండీ. రేపొస్తారు."

"అనుమతి?"

"రాలేదండీ."

కాగితం మడిచి నా ముందు పెట్టేశారు. "అతను వచ్చేదాకా నేను సంతకం పెట్టనమ్మా. నేనూ నీలాంటివాణ్ణే."

"వచ్చాక?"

"వచ్చాక నా అవసరం ఏముంటుంది?" అని లేచారు. ఆ గుమ్మం దగ్గరే నిలబడి ఆఫీసుకి ఫోన్ చేసి ఈ రెండు ముక్కలే చెప్పారు. "నాకు హోటలు గదీ తిరుగు టికెట్టూ చూడండి" అన్నారు. వెళ్తూ వెళ్తూ, "ఆ టీ ఏదో ఇప్పుడు ఇవ్వు" అన్నారు.

ఆయన వెళ్ళాక పెట్టె విప్పి బట్టలు మళ్ళీ బీరువాలో పెట్టుకున్నాను. సాయంత్రానికి మెయిల్ వచ్చింది. మునుపటి ఉత్తర్వు రద్దు, మీరే కొనసాగండి అని. ఒక్క వాక్యం. క్షమాపణ లాంటిదేమీ లేదు. నేనూ దాని కోసం చూడలేదు.

మర్నాడు అన్నయ్య వచ్చాడు. కారు దిగి, పెట్టె పట్టుకుని, జెట్టీ మీద నిలబడి ఓడని ఆ చివర నుంచి ఈ చివరదాకా చూశాడు. ఆ చూపు నువ్వు చూసి ఉంటే నీకు ఈ నాలుగు నెలలు బరువనిపించేవి కావు. మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసం. డెక్కు మీద అందరూ పని చేస్తున్నట్టు నటిస్తూ మమ్మల్నే చూస్తున్నారు. అన్నాచెల్లెళ్ళమని సరంగుకి తప్ప ఎవరికీ తెలియదు.

"సెకండ్ ఇంజినీరు, డ్యూటీకి వచ్చాను కెప్టెన్" అన్నాడు.

"మీ కాగితాలు చూపించండి" అన్నాను.

గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి ఒక్కొక్కటే చూశాను వదినా. సర్టిఫికెట్ చూశాను, గడువు చూశాను. మెడికల్ చూశాను. మంటల శిక్షణా లైఫ్‌బోటు శిక్షణా చూశాను. జెండా దేశం రసీదు చూశాను. మా అన్నయ్యే కదా అని ఒక్కటి వదిలేసినా, ఇన్నాళ్ళు ఓడని కట్టేసి ఉంచినదానికి అర్థమేముంది? ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని పరీక్షకొచ్చినవాడిలా కూర్చున్నాడు. అన్నీ చూసి, "సరిపోయాయి" అన్నాను. అప్పుడు తలుపు మూసి వచ్చాడు. తల మీద చెయ్యి పెట్టాడు. అంతే. నాకు ఆ "మేడమ్" గురించి అడగాలని ఉండింది. ఆ చెయ్యి తల మీద ఉండగా అడగాలనిపించలేదు.

"ఇంజిన్ గదిలోకి పోతాను, గంటలో బయల్దేరొచ్చు" అన్నాడు.

"కుదరదు. విమానాల్లో నిద్రలేకుండా వచ్చారు. ముందు పడుకోవాలి. లేచాక చీఫ్ గారు మీకు ఇంజిన్ గదంతా చూపిస్తారు. మంటలొస్తే ఎటు పోవాలో, మీ లైఫ్‌బోటు ఏదో చూసుకుంటారు. రేపు పొద్దున్న బయల్దేరతాం."

"ఇప్పటికే ఇన్ని రోజులు ఆలస్యమైందే బుల్లీ!"

"కెప్టెన్ అనండి" అన్నాను. నవ్వుకుంటూ వెళ్ళి పడుకున్నాడు. గురక మెట్లదాకా వినబడింది.

పొద్దున్న మళ్ళీ అదే పైలట్ వచ్చాడు. "ఈసారి నిజమేనా?" అన్నాడు. తాళ్ళు విప్పారు, టగ్గులు లాగాయి, జెట్టీకీ ఓడకీ మధ్య నీళ్ళు కనిపించాయి. ఇంజిన్ గది ఫోన్ మోగింది. "ఇంజిన్ సిద్ధం, కెప్టెన్" అన్నాడు అన్నయ్య. ఆ మాట వెనక ఇంజిన్ చప్పుడు. నాకు అప్పుడే నిజంగా కెప్టెన్ అయినట్టనిపించింది, ఆ సంతకాల నాడు కాదు.

థర్డ్ ఇంజినీరు కోపం పోయింది. ఇప్పుడు అన్నయ్య వెనకే తిరుగుతున్నాడు. పై సర్టిఫికెట్ పరీక్షకి ఇద్దరూ కూర్చుని చదువుతున్నారు. ఈ ప్రయాణం అయ్యేసరికి అతనికి పరీక్షకి కావలసినన్ని నెలల సముద్రం డ్యూటీ కూడా పూర్తవుతుంది. పరీక్ష పాసై వస్తే మొట్టమొదట నేనే అడిగి తీసుకుంటాను. నీలినీళ్ళు, మంచి గాలి, అందరికీ చాలినంత నిద్ర. ఇంతకంటే ఏం కావాలి వదినా?

కాగితం కింద కాస్త చోటుంది. మీ ఆయనకిస్తున్నాను. నేను చదవకూడదట, ఫొటో కూడా ఆయనే తీసి పంపుతాడట.

నీ
బుల్లి

ఏమోయ్,

నడుం నొప్పి తగ్గింది, సూటు బొత్తాం నిన్నటి నుంచి పడుతోంది. చెల్లెలు నన్ను అందరి ముందు మీరు అంటుంది, గదిలో కూడా మీరే అంటుంది. భరిస్తున్నాను.

ఒక సంగతి దానికి చెప్పలేదు, నీకు చెబుతున్నాను. ఆ రోజు అది "ఈ ఓడ ఇవాళ బయల్దేరదు" అని ఫోన్ పెట్టేశాక, మా పెద్దాయన "ఏంటయ్యా, మీ చెల్లెలికి ఇంత పొగరా?" అన్నాడు. నేను తల వంచుకున్నాను. పాపం, సిగ్గుపడ్డాననుకుని ఇంకేమీ అనలేదు. నవ్వు కనబడకూడదని వంచుకున్నాను.

పిల్లలు జాగ్రత్త. నువ్వు ఇంకా జాగ్రత్త.

నీ
సెకండ్ ఇంజినీరు